నాటేవారి కన్నా గుర్తుపట్టేవారు కావాలి

సందర్శకులు వచ్చే చోట స్థానిక మొక్కల మడులను చూసుకునే స్వచ్ఛంద సేవకులను ఎవరైనా మొదట అడిగేది, ఇప్పటివరకు ఎన్ని మొక్కలు నాటారని. అలా అడగడంలో తప్పేమీ లేదు. ఫొటోలో కనబడేదీ, నివేదికలో అంకెగా ఎక్కేదీ నాటిన మొక్కే కదా. అయితే ఈ పనిలో చాలాకాలంగా ఉన్న నాకు స్థిరపడిన అభిప్రాయం వేరు. ఇలాంటి తోట నిలబడేదీ, పాడయ్యేదీ నాటే రోజు తర్వాత వచ్చే మామూలు రోజుల్లోనే. నేల మీద నాలుగాకులతో తలెత్తిన మొలకను చూసి, ఇది ఉండవలసినది, ఇది తీయవలసినది అని తడుముకోకుండా చెప్పగలవారు ఎందరు ఉన్నారన్న దాని మీదే ఆ తోట భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. అలాంటివారు ఎలా తయారవుతారు, వారిని నిలుపుకోవాలంటే ఆ స్థలాన్ని నడిపేవారు ఏం చేయాలి అన్నది నా అనుభవం మేరకు ఇక్కడ రాస్తున్నాను.

స్థానిక మొక్క అంటే ఒక ప్రాంతపు నేలకూ, వానకూ, ఎండకూ అలవాటుపడి, అక్కడి పురుగులతోనూ పక్షులతోనూ కలిసి, మనిషి తెచ్చి పెట్టకుండానే పెరుగుతూ వచ్చిన మొక్క. అటువంటి మొక్కలనే సందర్శకులకు చూపాలన్న ఆలోచన కొత్తది కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, టేబుల్ పర్వతం వాలున 1913లో ఏర్పడిన కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానం మొదటి నుంచీ ఆ దేశపు సొంత మొక్కల కోసమే నిలిచింది. దేశదేశాల నుంచి అరుదైన మొక్కలు తెచ్చి పెంచడమే ఉద్యానాలకు గొప్పగా భావించిన కాలంలో అది తీసుకున్న దారి అది. అమెరికాలో మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ జాన్సన్, నటి హెలెన్ హేస్‌తో కలిసి 1982లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో అడవిపూల పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. ఇప్పుడు అది ఆమె పేరుతోనే నడుస్తోంది. ఇలాంటి చోటికి వచ్చిన మనిషి, బయట ఎన్నోసార్లు చూసి కూడా పేరు తెలియక దాటిపోయిన మొక్కను ఇక్కడ పేరుతో సహా కలుసుకుంటాడు. తర్వాత అడవి దారిలో నడిచేటప్పుడు అదే మొక్క ఎదురైతే ఆగి చూస్తాడు. సందర్శక కేంద్రం గుమ్మం దగ్గర ఉన్న చిన్న మడి కూడా ఇదే పని చేయగలదు. ఇంత విలువైన పనిని నేను మరొకటి చూడలేదు.

ఈ పనిలోని కష్టం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. గులాబీ మడిలో గులాబీ కానిదంతా కలుపే కాబట్టి, అక్కడ పని చేసేవారికి గులాబీని గుర్తుపట్టడం వస్తే చాలు. స్థానిక మొక్కల మడిలో అంత సులువైన సూత్రం పనికిరాదు. మనం నాటిన మొక్కలు పూసి, కాసి, గింజలు రాల్చి, మనం నాటని చోట మొలకెత్తాలనే కదా ఇదంతా చేసేది. పక్షులు తెచ్చి వేసిన గింజల్లో మంచివీ ఉంటాయి, చెడ్డవీ ఉంటాయి. మొదటి వానలు పడిన రెండు మూడు వారాలకు మడి నిండా పచ్చగా మొలకలు కమ్ముకుంటాయి. వాటిలో ఏది ఏమిటో తెలియనివారు ఎంత శ్రద్ధగా కలుపు తీసినా ఆ ఏడాది వచ్చిన కొత్త తరాన్ని పూర్తిగా ఊడ్చేస్తారు. వారు తీసిన తర్వాత మడి చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. అందువల్ల నష్టం జరిగిందని ఎవరికీ తెలియదు.

దీనికి తంగేడునే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఎండనేలల్లో పెరిగే ఈ పొద మడికి పసుపు రంగు తెస్తుంది, నీరు ఎక్కువగా అడగదు. దాని పక్కనే పిలవకుండా వచ్చేది కసింద. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ బంజరులన్నిటా నిండిపోయిన మొక్క. రెండూ ఒకే కుటుంబానివి, రెండింటికీ ఈకలా అమరిన జంట ఆకులు, రెండింటికీ పసుపు పూలు. మొలక దశలో దూరం నుంచి చూస్తే తేడా చెప్పలేము. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే మాత్రం తేడా స్పష్టంగానే ఉంటుంది. తంగేడులో ఆకుకాడ కాండాన్ని కలిసే చోట గుండ్రటి చెవి ఆకారంలో రెండు చిన్న ఆకుల వంటివి అంటుకుని ఉంటాయి, ఆకు ఎదిగాక కూడా అవి రాలిపోవు. చిట్టి ఆకులు చిన్నవిగా, కొనలు మొద్దుగా, జతలు ఎక్కువగా ఉంటాయి, ప్రతి జతలోని రెండు చిట్టి ఆకుల మధ్య ఈనె మీద నిలువుగా ఒక సన్నని గ్రంథి కనబడుతుంది. కసిందలో చిట్టి ఆకులు పెద్దవి, కొనలు సూదిగా తేలి ఉంటాయి, జతలు తక్కువ, గ్రంథి ఆకుకాడ మొదట్లో ఒక్కటే ఉంటుంది. ఆకు నలిపితే వచ్చే వెగటు వాసన సందేహం మిగలకుండా చేస్తుంది. ఈ నాలుగు గుర్తులూ ఒకసారి చేతికి అలవాటైన మనిషి ఇక జన్మలో పొరబడడు. అలవాటు కానివారికి ఎంత లావు పుస్తకం ఇచ్చినా మడి దగ్గర అది సాయపడదు.

అందుకే కొత్తగా వచ్చినవారికి మొదటి రోజునే కలుపు మొక్కల జాబితా చేతిలో పెట్టడం నాకు నచ్చదు. మేము వారికి ఆ రోజు తీయవలసిన ఒకే ఒక్క మొక్కను చూపిస్తాము. దాన్ని మొలకగా, ఎదిగిన మొక్కగా, పూతతో మూడు దశల్లో చూపించి, ఈ రోజు ఇది తప్ప మరేదీ ముట్టుకోవద్దని చెబుతాము. అనుమానం వచ్చిన ప్రతి మొలక పక్కనా ఒక పుల్ల గుచ్చి వదిలేయమంటాము. పని ముగిసే ముందు పాతవారు ఒకరు ఆ పుల్లలన్నిటి దగ్గరా కూర్చుని, అది ఏ మొక్కో, ఎలా తెలిసిందో చెబుతారు. ఎవరికీ తెలియని మొలకను తీయకుండా, పూసేవరకు ఎదగనిస్తాము. ఈ పద్ధతిలో తొలి వారాల్లో పని నెమ్మదిగా సాగుతుంది, కొంత కలుపు మిగిలిపోతుంది కూడా. అయినా ఒక ఏడాది గడిచేసరికి ఆ కొత్త మనిషి తన మడిలోని మొలకలను చూపుతోనే విడదీయగలుగుతాడు.

ఈ ఓపికకు ఒక చరిత్ర ఉంది. 1960ల్లో సిడ్నీలోని మోస్‌మన్ ప్రాంతంలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్లు తమ ఇంటి దగ్గరి అడవిలో నడుస్తూ ఒక విషయం గమనించారు. కలుపును ఒక్కసారిగా నరికి చదును చేసిన చోట మరుసటి ఏడాదికి అంతకు రెట్టింపు కలుపు వస్తోంది. తాము నడుస్తూ నడుస్తూ చేతితో కొద్దికొద్దిగా పీకిన చోట మాత్రం అక్కడి సొంత మొక్కలు తిరిగి లేస్తున్నాయి. ఆ గమనింపు నుంచి వారు రూపొందించిన పద్ధతి తర్వాత ఆస్ట్రేలియా అంతటా అడవుల పునరుద్ధరణకు ఆధారమైంది. అందులోని సూత్రాలు మూడే. బాగున్న చోట మొదలుపెట్టి, పాడైన చోటు వైపు జరగాలి. మట్టిని వీలైనంత తక్కువగా కదిలించాలి, పీకిన చోట ఆకుచెత్తను మళ్లీ కప్పాలి. సొంత మొక్కలు ఎంత వేగంగా ఆ ఖాళీని నింపగలవో అంత వేగంగానే కలుపు తీయాలి, అంతకు మించి తొందరపడకూడదు.

ఇందులో మొదటి సూత్రాన్ని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టం. స్వచ్ఛందంగా వచ్చిన మనిషి కళ్లు సహజంగానే అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉన్న మూలకు పోతాయి. అక్కడ పని చేస్తే ఫలితం కళ్లకు కనబడుతుంది, పీకిన కలుపు కుప్పగా పోస్తే తృప్తిగా ఉంటుంది. బాగున్న మడిలో అక్కడొకటి ఇక్కడొకటి తీస్తూ గడిపిన ఉదయానికి చూపించడానికి గుప్పెడు మొక్కలు తప్ప ఏమీ ఉండవు. కానీ ఆ గుప్పెడు మొక్కలు గింజ కట్టి ఉంటే వచ్చే ఏడాది ఆ మంచి మడి కూడా పోయేది. నరికి చదును చేసిన మూలలో అప్పుడు తెరుచుకున్న మట్టి, కింద నిద్రపోతున్న కలుపు గింజలకు వెలుతురు చూపిస్తుంది. ఈ రెండు ఫలితాలను పక్కపక్కనే కొన్నాళ్లు చూసినవారికి బ్రాడ్లీ సోదరీమణుల మాటను వేరే ఎవరూ నచ్చజెప్పనక్కరలేదు.

కలుపులో కూడా అన్నీ ఒకటి కావు, ఒక్కొక్కదానికి దాని లెక్క ఉంది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి, ఎందుకంటే ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాన్ని ముట్టుకుంటే చాలామందికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పూత సమయంలో తుమ్ములూ ఆయాసమూ పట్టుకుంటాయి, కాబట్టి చేతి తొడుగులూ నిండు చేతుల చొక్కా లేకుండా ఎవరినీ ఆ పనికి పంపకూడదు. 1950ల మధ్యలో పుణెలో గుర్తించిన తర్వాత ఇది దేశమంతా పాకింది. దీన్ని అదుపు చేయడానికి 1980ల్లో మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెచ్చి వదిలారు. పాలిపోయిన తెల్లటి రెక్కల మీద గోధుమరంగు వంకర చారలుండే ఆ పురుగు వయ్యారిభామ ఆకులను జల్లెడలా తినేస్తుంది. వయ్యారిభామ మీద అది కనబడితే దానిని ముట్టుకోవద్దని మా వాళ్లందరికీ చెబుతాము. ఏది కలుపో తెలిస్తే చాలదు, ఆ కలుపు మీద వాలినది మన వైపు పని చేస్తోందా అన్నది కూడా తెలియాలి.

లాంటానా సంగతి వేరు. పంతొమ్మిదవ శతాబ్దం మొదట్లో అలంకారం కోసం కలకత్తా ఉద్యానానికి తెచ్చిన ఈ పొద ఇప్పుడు ఎన్నో అడవుల అడుగుభాగాన్ని ఆక్రమించుకుంది. పైన కొట్టేస్తే మొదలు నుంచి మరింత గుబురుగా చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం సూచించిన పద్ధతి ప్రకారం, కాండం వేరుతో కలిసే చోటికి కొద్దిగా కింద, మట్టిలోపల తల్లివేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టాలి. చిగుళ్లు పుట్టే భాగం నేల విడిచిపోతుంది కాబట్టి అది మళ్లీ లేవదు. అంతటితో పని అయిపోయినట్టు కాదు. పండ్లు తిన్న పక్షులు కూర్చునే కొమ్మల కింద, కరెంటు తీగల కింద కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి. మడిలో కలుపు వెతకడానికి వెళ్లినవారు మొదట తల పైకెత్తి, పక్షులు ఎక్కడ వాలుతాయో చూసుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇక మడిలో ఉండవలసిన మొక్కల సంగతికి వస్తే, అక్కడ సందర్శకులతో మాట్లాడటమే సగం పని. ఒకసారి ఒక పెద్దాయన జిల్లేడు పొద ముందు ఆగి, “ఏమ్మా, పనిగట్టుకుని జిల్లేడును పెంచుతున్నారా? పైగా పురుగు కూడా పట్టింది, మందు కొట్టకూడదా?” అని అడిగారు. ఆ పురుగు కోసమే జిల్లేడును పెంచుతున్నామండీ అని చెప్పి, ఆయనను ఆకు దగ్గరకు తీసుకువెళ్లాను. నలుపు, తెలుపు పట్టీల మధ్య పసుపు చుక్కలతో, వీపు మీద మూడు జతల మెత్తటి కొమ్ముల వంటి వాటితో ఆ గొంగళిపురుగు ఆకు అంచున మేస్తోంది. జిల్లేడు పాలు జిగురు, విషం కూడా. ఆకులోకి పాలు ప్రవహించకుండా అది ముందుగా ఈనెను కొరికి, పాల ధార తగ్గిన తర్వాత మేయడం మొదలుపెడుతుంది. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుని, నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకగా మారాక కూడా అదే విషంతో పక్షుల నుంచి కాపాడుకుంటుంది. దాని పిల్లలు జిల్లేడునూ, ఆ కుటుంబపు మొక్కలనూ తప్ప మరేదీ తినవు. పెద్దాయన చాలాసేపు వంగి చూసి, వెళ్లేటప్పుడు తన మనవడిని పిలిచి చూపించారు. మందు కొట్టి ఉంటే ఆకులు నిండుగా ఉండేవి, ఆయనకు చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

తంగేడు పువ్వు కూడా అలాగే దగ్గరగా చూడవలసినది. ఈ పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడి ఒక్కటే వచ్చినవారికి దక్కేది. ఆ పుప్పొడి కూడా కేసరాల కొనల్లో ఉన్న చిన్న రంధ్రాల లోపల భద్రంగా ఉంటుంది. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదలకుండా ఛాతీ కండరాలను వేగంగా అదిరిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల నుంచి చిమ్ముతుంది. తేనెపట్టు పెట్టే తేనెటీగలు ఇలా అదిరించలేవు. పక్కన నిలబడితే ఎగిరేటప్పుడు వినిపించే ఝుంకారం ఒకటి, పువ్వు మీద కూర్చున్నాక వినిపించే సన్నని హెచ్చు స్వరం మరొకటి అని తెలుస్తుంది. పిల్లలకు ఈ తేడా వినిపించమంటే ఎంత అల్లరివారైనా ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ తుమ్మెద గూడు పెట్టుకునేది ఎండిన కొమ్మల్లోనూ, వెదురు బొంగుల్లోనూ. మనం ఎండిన కొమ్మలన్నీ ఏరి పారేస్తే తంగేడు పూస్తుంది గానీ సరిగా కాయదు.

ఇక్కడే సందర్శకుల చూపుకూ, మొక్కల అవసరానికీ ఘర్షణ వస్తుంది. ఎండు కాడలు, రాలిన ఆకులు, గింజ కోసం వదిలేసిన వాడిన పూలు, నేలలో గూడు పెట్టుకునే ఒంటరి తేనెటీగల కోసం కప్పకుండా వదిలిన మట్టి, ఇవన్నీ మడికి కావాలి. చూసేవారికి మాత్రం ఎవరూ పట్టించుకోని చోటులా కనబడతాయి. అమెరికాకు చెందిన ల్యాండ్‌స్కేప్ పరిశోధకురాలు జోన్ నసావర్ 1995లో దీనికి చెప్పిన పరిష్కారం నాకు ఎంతో పనికివచ్చింది. లోపల ఎంత చిందరవందరగా ఉన్నా, దాని చుట్టూ మనిషి శ్రద్ధ కనబడే గుర్తులు ఉంటే జనం దాన్ని నిర్లక్ష్యంగా భావించరని ఆమె వాదన. దారి పక్కన ఒక అడుగు వెడల్పున నీటుగా కత్తిరించిన అంచు, ఎండుటాకులు దారి మీదికి రాకుండా పేర్చిన రాళ్లు, వాలిపోని పేరు పలకలు, విరగని కంచె ఉంటే చాలు, మధ్యలో ఏం జరుగుతున్నా సందర్శకుడు నమ్మకంతో చూస్తాడు. ఎండు కాడలను మొదలంటా నరకకుండా మోకాలెత్తు వరకు ఉంచి, పై భాగాన్ని మాత్రమే కోయడం మరొక మధ్యేమార్గం. బోలు కాడల్లో కీటకాలకు చోటు మిగులుతుంది, మడీ కోసినట్టుగా కనబడుతుంది. అంచులు చూసుకోవడం చిన్న పనిగా భావించే స్వచ్ఛంద సేవకులు ఉన్నారు. నా లెక్కలో మడి లోపలి మొక్కలకు రక్షణ ఆ అంచే.

నీరు, ఎరువు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కొత్తగా నాటిన మొక్కకు మొదటి ఏడాది, కొన్నిటికి రెండో ఏడాది కూడా, పాదు నిండా, కానీ అరుదుగా నీరు పెట్టాలి. రోజూ కాసిని చిలకరిస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. ఎరువు దాదాపు అక్కరలేదు. పేద నేలకు అలవాటుపడిన మొక్కకు బలం పెడితే ముందుగా కలుపే బలుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన బ్యాంక్సియాల వంటి కొన్ని మొక్కలకు భాస్వరం ఎరువు నేరుగా హాని చేస్తుంది.

గింజల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. మడికి కావలసిన గింజను దగ్గరి అడవి నుంచే తెచ్చుకోవాలి, ఎందుకంటే దూర ప్రాంతపు గింజ అదే జాతిదైనా ఇక్కడి వానలకూ ఎండలకూ కుదిరి ఉండకపోవచ్చు. అయితే మన తోట కోసం అడవిని దోచుకోకూడదు. ఇంగ్లండ్‌లో క్యూ ఉద్యానం 2000లో ప్రారంభించిన మిలీనియం సీడ్ బ్యాంక్ పాటించే నియమం ప్రకారం, ఒక చోట ఆ రోజున పండి ఉన్న గింజల్లో 20 శాతానికి మించి తీసుకోకూడదు. అదీ అనుమతి ఉన్న చోటే, ఒకే మొక్క నుంచి కాకుండా వీలైనన్ని ఎక్కువ మొక్కల నుంచి కొంచెం కొంచెంగా తీసుకోవాలి. తెచ్చాక ప్రతి గింజా ఒకే తీరున నడవదు. తంగేడు, రేల వంటి వాటి గింజకు పైపొర గట్టిగా ఉంటుంది, గరుకు కాగితం మీద రుద్దో, వేడి నీటిలో వేసి చల్లారనిచ్చో నాటితే గానీ నీరు లోపలికి పోదు. వేప గింజ అందుకు పూర్తిగా విరుద్ధం. దాన్ని డబ్బాలో పెట్టి మంచి రోజు కోసం చూస్తే కొన్ని వారాలకే మొలిచే శక్తి పోతుంది, రాలిన వెంటనే గుజ్జు కడిగి నారుమడిలో వేయాలి. పొట్లం మీద మొక్క పేరు, ఏరిన చోటు, తేదీ రాయని గింజను మా నారుమడిలో ఎవరూ నాటరు.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది, అది చెప్పుల అడుగున వచ్చే మట్టి. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వేళ్లను కుళ్లబెడుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో దీనిలోని ఒక జాతి బ్యాంక్సియా అడవులను పెద్ద ఎత్తున నాశనం చేసింది, అది బూట్లకూ వాహనాల చక్రాలకూ అంటిన మట్టితో ఒకచోటి నుంచి మరోచోటికి పోతుంది. కాలిఫోర్నియాలో 2012 నుంచి అలాంటి మరొక జాతి స్థానిక మొక్కల నర్సరీలలోనే బయటపడుతూ వచ్చింది. మేలు చేయాలని నాటిన మొక్కతో పాటే జబ్బు కూడా అడవి అంచుకు చేరగలదని అక్కడివారికి అప్పుడు తెలిసింది. కాబట్టి పనికి రాగానే బూట్ల అడుగు బ్రష్‌తో గీకి, స్పిరిట్ చల్లి, పనిముట్లను తుడిచి లోపలికి వెళ్లడం, వాడిన కుండీలను శుభ్రం చేయకుండా మళ్లీ నింపకపోవడం తప్పనిసరి. ఇది చాదస్తమని విసుక్కునేవారితో నేను వాదించను, బ్రష్ చేతికిస్తాను.

ఇన్ని తెలిసిన మనిషి తయారు కావడానికి కాలం పడుతుంది, పోవడానికి ఒక్క రోజు చాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత సైనిక విమానాశ్రయాన్ని సముద్రతీరపు చిత్తడినేలగా, ఉద్యానంగా మార్చి 2001లో తెరిచిన క్రిసీ ఫీల్డ్‌లో, ప్రజలే వచ్చి సుమారు లక్ష స్థానిక మొక్కలు నాటారు. ఆ అంకె గొప్పదే. అయితే ఆ మొక్కలకు స్థానిక గింజ ఏరి, నారు పెంచి, నాటిన తర్వాత కలుపు తీయడానికి ఏళ్ల తరబడి వస్తూ ఉన్నవారు లేకపోతే ఆ అంకె కాగితం మీదే మిగిలేది. కొత్తగా మడులు మొదలుపెట్టాలనుకునే నిర్వాహకులు ఎవరైనా అడిగితే, నాటే రోజుకు వందమందిని పిలవడానికి ముందు, ఆ మడిని మూడేళ్లపాటు చూసే నలుగురి పేర్లు రాసుకోమని చెబుతాను. ఆ నలుగురూ దొరకకపోతే మడి చిన్నది చేసుకోవడం మేలు.

ఒక మనిషికి ఒకే మడిని అప్పగించడం కూడా ముఖ్యం. వచ్చినప్పుడల్లా ఎక్కడ పని ఉంటే అక్కడికి పంపే పద్ధతిలో పని జరుగుతుంది గానీ గుర్తుపట్టే చూపు రాదు. తన మడి అన్నప్పుడు, పోయినసారి పుల్ల గుచ్చిన మొలక ఏమైందో చూడాలన్న ఆత్రంతోనే మనిషి మళ్లీ వస్తాడు. జీతానికి పనిచేసే తోటమాలులతో మాట్లాడుకోవడం అంతకన్నా ముఖ్యం. మా మడుల్లో ఒకదానిలో మూడు వానాకాలాలుగా కాపాడుకుంటూ వచ్చిన మొలకలను ఒక ఉదయం గడ్డి కోసే యంత్రంతో నేలమట్టం చేశారు. కోసిన వ్యక్తి తనకు అప్పగించిన పనిని చక్కగానే చేశాడు. అక్కడ మొలకలు ఉన్నాయని అతనికి ఎవరూ చెప్పలేదు, కోయమని చెప్పినవారికీ తెలియదు. చాలా బాధపడ్డాము. ఆ తర్వాత ప్రతి కోతకు ముందు అతనితో కలిసి మడుల వెంట నడిచి, మొలకలున్న చోట రంగు గుడ్డ కట్టిన కర్రలు పాతడం మొదలుపెట్టాము. ఇప్పుడు మాకన్నా ముందు అతనే కొత్త మొలకలను చూసి చెబుతున్నాడు. ఆ నేల మీద రోజూ తిరిగే మనిషిని ఈ చదువులోకి తీసుకురాకుండా ఏ స్వచ్ఛంద బృందమూ ఎక్కువ కాలం నెట్టుకురాలేదు.

చివరగా పుస్తకం సంగతి. ప్రతి మడికి ఒక నోట్‌బుక్ పెట్టాలి. అందులో ఆ రోజు ఏ మొక్క మొలిచింది, ఏది మొదట పూసింది, ఏ కలుపు ఎక్కడ దొరికింది, ఏ గింజ ఎక్కడి నుంచి వచ్చింది అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాసి, మడి పటం మీద చోటు గుర్తు పెట్టాలి. ఫొటోలు ఎన్ని తీసినా, మొక్కలనూ జీవులనూ ఎక్కడ చూశామో నమోదు చేసే ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లో ఎన్ని ఎక్కించినా, ఈ మడిలో ఈ మూల అన్న సంగతి చేతిరాత పటంలోనే స్పష్టంగా నిలుస్తుంది. ఎవరైనా ఊరు మారుతూనో, వయసు మీదపడో తమ మడిని వదలవలసి వస్తే, పుస్తకం ఇచ్చి పంపేయకుండా కొత్తగా తీసుకునేవారితో ఒక వానాకాలమంతా కలిసి పనిచేసేలా చూడాలి. మొలకలు విరివిగా వచ్చేది ఆ నెలల్లోనే. పుస్తకంలో రాసినదాన్ని నేల మీద వేలుపెట్టి చూపించడానికి వీలయ్యేదీ అప్పుడే.